సముద్రప్పువ్వూ, పంపులో గ్రీజూ

పొద్దున్నే లేచి ముఖమైనా కడుక్కోకుండా తొట్టి మీద కప్పిన పాత చీరముక్క తీసి, నీళ్లని వాసన చూడటం ఆ ఏడాది నాకు అలవాటైపోయింది. భీమిలి ఒడ్డు వాసన వస్తే బతికిపోయినట్టు. కుళ్లు వాసన వస్తే లోపలి పువ్వు చచ్చిపోయినట్టు. పువ్వు చచ్చిపోతే మా బావ మళ్లీ గోడవైపు తిరిగి పడుకుంటాడు. నా భయమంతా అదే.

బావ అంటే మా ఆయనే. మేనత్త కొడుకు. ఇద్దరం భీమిలి దగ్గర ఒకే వీధిలో పెరిగాం. పెళ్లయ్యాక బస్తర్ కొండల్లో ఇనుపరాయి తవ్వే టౌన్‌షిప్పుకి వచ్చిపడ్డాం. కొండ మీద రాయి ఎత్తిపోసే పెద్ద షవెల్‌కి ఆయన మెకానిక్కు. ఒక వర్షాకాలం, బురద బూట్లతో ఆ యంత్రం మెట్లు దిగుతూ జారిపడ్డాడు. ఎవరి తప్పూ కాదు. తుంటి విరిగింది, తలకి దెబ్బ తగిలింది. మూడు నెలలు విశాఖపట్నంలో ఆసుపత్రి మంచం మీద ఉండి, చేతికర్రతో మా క్వార్టరుకి వచ్చాడు. వచ్చి గోడవైపు తిరిగి పడుకున్నాడు. అన్నం పెడితే తినేవాడు, అడిగితే ఊఁ అనేవాడు. లేచి నడవమని డాక్టరు చెప్పాడు, నేను చెప్పాను, నెత్తీ నోరూ కొట్టుకున్నాను. గోడకి చెప్పుకున్నా ఒకటే, ఆయనకి చెప్పుకున్నా ఒకటే.

అప్పుడు మా తమ్ముడు వచ్చాడు. వాడికి విశాఖ రేవులో పని. రైల్లో పగలంతా కూచుని, నాలుగు నీళ్ల క్యాన్లూ ఒక మూత బకెట్టూ మోసుకుని దిగాడు. బకెట్లో సముద్రపు నీళ్లు, అడుగున పిడికిలంత రాయి, రాయికి అతుక్కుని ముడుచుకున్న ఒక మెత్తటి ముద్ద.

"ఏట్రా ఇది? నత్తా?" అన్నాను.

"కాదే అక్కా, సముద్రప్పువ్వు. బావ సిన్నప్పుడు రాళ్ల మడుగుల్లో ఈటినే గదా ఏలెట్టి పొడిసేవోడు!"

పుస్తకాల్లో దాన్ని సీ ఎనిమోన్ అంటారని తర్వాత తెలిసింది. పువ్వూ కాదు, మొక్కా కాదు, నోరున్న జీవం. వేళ్లలాంటివి చుట్టూ చాపుకుని, దొరికిన చేపపిల్లనో రొయ్యముక్కనో పట్టుకుని మింగుతుంది. నాకు చూడగానే ఒళ్లు మండింది. మనిషిని చూసుకోవడానికే నాకు చేతులు చాలడం లేదు, మళ్లీ ఇదొకటి, గోరుచుట్టు మీద రోకటిపోటు! వాణ్ణి వంటింట్లోకి పిలిచి చెడామడా తిట్టాను. తిట్టి బయటికి వచ్చేసరికి బావ మంచం మీద లేచి కూచుని బకెట్లోకి వంగి చూస్తున్నాడు. చూపుడువేలు నీళ్లలో పెట్టి మెల్లగా దాన్ని తాకాడు. అది వేలిని పట్టుకుంది. "ఇంకా జిగురుందిరా దీనికి," అన్నాడు. ఇంటికొచ్చిన నలభై రోజుల్లో ఎవరూ అడక్కుండా ఆయన నోటివెంట వచ్చిన మొదటి మాట అది. నేను తిరిగి వంటింట్లోకి వెళ్లి ఏడ్చాను.

ఇక తొట్టి పెట్టక తప్పలేదు. గీదం బజారులో రంగు చేపలమ్మే దుకాణం నుంచి గాజుతొట్టి, గాలి పంపు, నీళ్లు తిప్పే చిన్న పంపు వచ్చాయి. మొదట తొట్టీ నీళ్లూ సిద్ధం చేసి, రాళ్లు వేసి, నెలయినా ఆగి, అప్పుడు జీవాన్ని తేవాలట. ఇవన్నీ తర్వాత తెలిసిన తెలివితేటలు. మేం తలకిందులుగా చేశాం. అంచేత మొదటి రెండు నెలలు రెండు రోజులకోసారి కాసిన్ని నీళ్లు తీసేసి కొత్త ఉప్పునీళ్లు పొయ్యాల్సి వచ్చింది. ఆ నీళ్లు విశాఖ నుంచి రైల్లోనే రావాలి. తమ్ముడు పడవవాళ్ల చేత లోతు నీళ్లు నింపించి, తెలిసినవాళ్లు రైలెక్కితే క్యాన్లు అప్పజెప్పేవాడు. స్టేషన్ నుంచి వాటిని మా ఇంటికి సైకిలు మీద చేర్చేది మా పక్క క్వార్టరతను.

అతని గురించి చెప్పాలి. కొండ మీద అతను మా ఆయనకి హెల్పరు. పైన మా ఆయన యంత్రం చూసుకుంటే, కింద రాయి ఎత్తే ఇనప బకెట్టు సందుల్లో దూరి గ్రీజు పట్టేది అతను. మాటలు తక్కువ. ఆ లోటు కలిపి తీర్చేది వాళ్లావిడ. ఉసూర్ వైపు పల్లెలో వ్యవసాయం చేసుకునే ఇంటిపిల్ల, నాకంటే చిన్నది. మార్కెట్లో హిందీ, అత్తవారితో గోండీ, నాతో తెలుగు. నేను విశాఖలో ఉన్న మూడు నెలలూ మా ఇంటి తాళం ఆమె దగ్గరే ఉంది. తిరిగొచ్చాక రెండు పూటలా ఏదో ఒకటి గిన్నెలో పెట్టి పిట్టగోడ మీంచి అందించేది. 

"ఏందక్కా, పొద్దుగాల్నే గా నీళ్లల్ల మొకం పెట్టినవ్?" అని నవ్వేది.

"నా ఖర్మే తల్లీ. ఇది బతికుందో లేదో వాసన చూస్తున్నా."

"గింత పువ్వుకు గంత కథనా! మా ఊళ్లె అయితే కూరొండుకుందురు."

నేను నవ్వేదాన్ని గానీ భయం పోయేది కాదు. ఎందుకంటే పువ్వు తెరుచుకున్న రోజు బావ లేచేవాడు. ముడుచుకున్న రోజు ఆయనా ముడుచుకునేవాడు. ఒకసారి లైను మీద ఏదో అడ్డంకి వచ్చి రైళ్లు దంతెవాడ దాటి రాలేదు. మా నీళ్లు ఏ స్టేషన్లో దిగిపోయాయో తెలియదు. తొట్టిలో నీళ్లు మసకబారాయి, పువ్వు మూతి బిగించిన సంచిలా కుదించుకుపోయింది. బావ అన్నం కంచం పక్కకి నెట్టేశాడు. నాలుగో రోజు పక్కింటతను దంతెవాడ వెళ్లి, స్టేషన్లన్నీ ఆరా తీసి, క్యాన్లు బస్సు మీద వేసుకుని వచ్చాడు. వాళ్లావిడ "ఒక్క దినం గూడ సెలవు పెట్టనోడు, నీళ్లకోసం పెట్టిండు" అని వీధంతా చెప్పింది.

మెల్లమెల్లగా బావ పనిలో పడ్డాడు. ఆయన చేతులు ఊరికే ఉండేవి కావు. నీళ్లు ఆవిరైతే ఉప్పు అడుగునే మిగిలిపోతుంది, కాబట్టి తగ్గిన మేరకి మంచినీళ్లే పొయ్యాలని ఆయనే కనిపెట్టాడు. మా కుళాయి నీళ్లలో ఇనుము, బట్టలుతికితే ఎర్రగా దిగేది. అందుకని బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్ తెప్పించాడు. ఉప్పెంతుందో కొలవడానికి మొదట బ్యాటరీ ఆసిడ్ చూసే గాజుగొట్టం వేశాడు. అది బుడుంగున మునిగింది. "దీనికి సముద్రం ఆనదు," అని దాన్ని పారేసి, ఖాళీ పెన్ను గొట్టంలో రెండు సీసపు గుళ్లు వేసి మైనంతో మూసి, తమ్ముడు పంపిన తాజా నీళ్లలో నిలబెట్టి, నీటిమట్టం దగ్గర దారం కట్టాడు. దారం నీళ్ల పైకి లేస్తే ఉప్పు ఎక్కువైనట్టు. ఆ రోజు ఆయన ముఖం చూడాలి! చేతికర్ర పక్కన పెట్టేసి తొట్టి అంచు పట్టుకుని గంటసేపు నిలబడ్డాడు.

అవన్నీ చూసి నేను సంబరపడ్డాను. సంబరంలో కొన్ని చూడనట్టు వదిలేశాను. పొద్దున రొయ్యముక్క వేసి, పదింటికి "దీనికి తిండి పెట్టావేటే?" అని అడిగేవాడు. టీ తాగి కప్పు కడిగి బోర్లించి, టీ ఇవ్వలేదని కోప్పడేవాడు. మాత్రల మత్తు అనుకున్నాను. అనుకోవడం తేలిక కదా.

చలికాలం పోయేవేళ ఒక మధ్యాహ్నం నీళ్లు తిప్పే పంపు కీచుమంటూ చప్పుడు చేసింది. నేను పెరట్లో బట్టలు ఆరేస్తున్నాను. కాసేపటికి చప్పుడు ఆగింది. తొట్టి ముందు నుంచి బావ చేతులు తుడుచుకుంటూ వెళ్లి పడుకున్నాడు. నేను పట్టించుకోలేదు.

మర్నాడు పొద్దున చీరముక్క తీస్తే వాసన వచ్చింది. కుళ్లు కాదు, భీమిలి కాదు, బావ డ్యూటీ బట్టల వాసన. నీళ్ల మీద రంగురంగుల చమురు పొర. పువ్వు నోరు తెరిచి లోపలిది బయటికి కక్కుతున్నట్టు వేలాడుతోంది. వేళ్లన్నీ తాళ్లలా జారిపోయాయి. ఓరి దేవుడా అనుకుంటూ పంపు పైకి తీశాను. ఇరుసు చుట్టూ గోధుమరంగు గ్రీజు కూరి ఉంది, చక్కగా, అంచులు కూడా వేలితో సరిచేసి. గని మనుషులకది మొదటి పాఠం. యంత్రం అరిస్తే ముందు గ్రీజు పెట్టు, తర్వాత ఆలోచించు. ఇరవయ్యేళ్లుగా ఆయన చేతులకి తెలిసిన వైద్యం అది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అచ్చం అలాగే అయింది.

నేను పంపు చేతిలో పట్టుకుని నిలబడి ఉండగానే ఆయన లేచి వచ్చాడు. చూశాడు. ముఖం పాలిపోయింది.

"ఎవలే పంపు ముట్టుకున్నది?"

ఆటలాడుతున్నాడేమో అనుకున్నాను. కళ్లలోకి చూస్తే ఆట కాదు. నిన్నటి మధ్యాహ్నం ఆ తలలో లేనే లేదు. నువ్వే అని చెబితే ఏమవుతుంది? తన చేత్తో తనే చంపుకున్నానని తెలిస్తే, చేసింది కూడా గుర్తులేదని తెలిస్తే, ఈ మనిషి ఇక లేస్తాడా?

"నేనే," అన్నాను. "చప్పుడు చేస్తోందని నీ సంచిలో గ్రీజు తీసి పెట్టాను."

"నీకు బుర్రుందేటే! నీళ్లల్లో తిరిగేదానికి గ్రీజెడతారా? ఎవరైనా ఎడతారా?"

వీధి చివరి దాకా వినపడేలా అరిచాడు. పిట్టగోడ మీంచి పక్కింటావిడ తొంగిచూసింది. చేతికర్ర ఏ మూలనో ఉండిపోయింది, ఆయన కర్ర లేకుండా ఆ గదిలో అటూ ఇటూ నడుస్తున్నాడు. పాత హిందీ పేపర్లు తెమ్మన్నాడు. ఒక్కో కాగితం నీళ్ల మీద పరిచి, చమురు పీల్చుకోగానే తీసి పారేశాడు. రాయిని పువ్వుతో సహా బకెట్లోకి మార్చాడు. పక్కింటతను డ్యూటీకి వెళ్తూ ఆగి తొట్టి కడిగిపెట్టాడు. దాచిన నాలుగు క్యాన్లూ ఒకేసారి పోసేశాం. పొద్దుట నుంచి సాయంత్రం దాకా నన్ను తిడుతూనే ఉన్నాడు. తిట్లు తింటూ నేను లోలోపల దణ్ణాలు పెట్టుకున్నాను.

ఆరో రోజున పువ్వు రెండు వేళ్లు చాపింది. పదో రోజుకి పూర్తిగా తెరుచుకుంది. అప్పటి నుంచి ఇంటికెవరొచ్చినా ఆయన చెప్పే కథ ఒకటే: "మా ఆవిడ సముద్రానికి గ్రీజెట్టింది!" అందరూ నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని. కథ ఎంత బాగా చెబితే నాకు అంత భయమేసేది.

వేసవి మొదట్లో, మళ్లీ డ్యూటీకి పనికొస్తాడో లేదో చూడటానికి గని ఆసుపత్రిలో ఫిట్‌నెస్ పరీక్షకి పిలిచారు. డాక్టరు నడిపించి చూశాడు, వంగమన్నాడు, అంకెలు వెనక్కి లెక్కబెట్టమన్నాడు. బావ అన్నీ బాగా చేశాడు. చివర్లో డాక్టరు ఆయన్ని బయట కూచోమని నావైపు తిరిగాడు.

"ఘర్ మే కుఛ్ భూల్తే హై క్యా?" ఇంట్లో ఏమైనా మర్చిపోతున్నాడా అని.

తలుపు సందులోంచి బావ కనిపిస్తున్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, పక్కవాడితో షవెల్ గురించి ఏదో చేతులూపుతూ చెబుతున్నాడు.

"నహీ సాబ్. కుఛ్ నహీ," అన్నాను.

డాక్టరు సంతకం పెట్టాడు. సోమవారం నుంచి డ్యూటీ. బావ ఆ సాయంత్రం వీధికంతా జిలేబీ పంచాడు. పక్కింటతను ఎప్పుడూ లేనిది పళ్లు కనిపించేలా నవ్వాడు. నా వాటా జిలేబీ మాత్రం నేను ముట్టలేదు. ఆదివారం పగలంతా ఇల్లు తుడిచిందే తుడిచాను. ఆయన బూట్లకి పాలిష్ పెట్టాడు. తర్వాత రొయ్య తీసి, ముక్క కోసి, పువ్వుకి వేశాడు. అది మింగుతుంటే మురిసిపోయాడు. బూట్లు లోపల పెట్టి వచ్చి, ఇంకో రొయ్య తీసి, మళ్లీ ముక్క కోయడం మొదలుపెట్టాడు.

ఇక నావల్ల కాలేదు. ఈ మనిషి రేపు ఆ మెట్లెక్కుతాడు, ఎక్కడ అడుగేశాడో మర్చిపోతాడు, మళ్లీ పడతాడు, ఈసారి లేవడు. నా కళ్లకి అదొక్కటే కనబడింది.

"బావా, దానికి ఇప్పుడే పెట్టావు."

"నానా?"

"నువ్వే. ఆ రోజు పంపుకి గ్రీజు పెట్టిందీ నువ్వే. నేను కాదు."

నవ్వాడు. నేను నవ్వలేదు. మంచం కిందినుంచి ఆయన పనిసంచి లాగి, గ్రీజు డబ్బా, దాంతో పాటు చుట్టి దాచిన గుడ్డ తీసి ముందు పెట్టాను. ఆ గుడ్డ ఆయన తుడుచుకున్నదే. ఆ రోజు నుంచి పారెయ్యాలనుకుంటూ పారెయ్యలేకపోయాను. ఆయన దాన్ని తిప్పితిప్పి చూశాడు. చేతిలో రొయ్యముక్క గిన్నెలో వేసి, వెళ్లి అరుగు మీద కూచున్నాడు. చీకటి పడేదాకా అక్కడే ఉన్నాడు. నేను పిలవలేదు.

సోమవారం డ్యూటీ బట్టలు వేసుకునే బయల్దేరాడు గానీ కొండ మీదికెళ్లే బస్సెక్కలేదు. ఆసుపత్రికి నడిచాడు. డాక్టరుకి తనే అంతా చెప్పాడు. మధ్యాహ్నానికి తిరిగొచ్చి, "టూల్‌రూములో ఏశారు. కొండెక్కక్కర్లేదు," అన్నాడు. అంతే. తర్వాత రెండు రోజులు నాతో మాట్లాడలేదు. గోడవైపు మాత్రం తిరగలేదు. టూల్‌రూముకి వెళ్లి వచ్చేవాడు, తొట్టిలో దారం ఎక్కడుందో చూసేవాడు, పువ్వుకి తిండి పెట్టగానే తొట్టి గాజు మీద సుద్దముక్కతో గీత గీసేవాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. బతికిపోయాం అనుకున్నాను.

మూడోరోజు సాయంత్రం అన్నం తింటూ తల ఎత్తకుండా అన్నాడు.

"నా మీద జాలిపడి అబద్ధం ఆడినందుకు నాకు కోపం లేదే. గ్రీజు మాట నీ మీదేసుకున్నావు, సరే. మరి డాక్టరు అడిగినప్పుడు?"

"నువ్వు మళ్లీ మంచం ఎక్కుతావని భయమేసింది."

"నా గురించే భయం. కింద బకెట్టు సందులో ఎవడుంటాడు? మనిషున్నాడని గుర్తెట్టుకుని పైన మీట ముట్టుకోకుండా ఉండడమే నా పని. నాను మర్చిపోతే నాకేటవుద్ది? ఆడు నలిగిపోతాడు. నీకు ఆడు ఒక్కసారి కూడా గుర్తు రాలేదా?"

గుర్తు రాలేదు మరి. ఆదివారం చెప్పినప్పుడు కూడా రాలేదు. దంతెవాడ నుంచి బస్సు మీద క్యాన్లు మోసుకొచ్చిన మనిషి, గ్రీజు తొట్టి కడిగిన మనిషి, ఒక్కసారంటే ఒక్కసారి నా భయంలోకి రాలేదు. ఆయన చెయ్యి కడుక్కుని లేచాడు. నేను కంచాల ముందు అలాగే కూచున్నాను.

"అక్కా!" అని పిట్టగోడ అవతలి నుంచి పిలుపు వచ్చింది. లేచి వెళ్లాను. ఆమె చారుగిన్నె అందించింది.

"అన్న ఇంక కొండకు రాడంట గదా అక్కా. మా ఆయన ఒక్కతీరుగ బాధ పడుతుండు. 'అన్న పైన ఉంటె నాకు కింద భయమే లేకుండె, ఇప్పుడు ఎవలొస్తరో ఏమో' అని బువ్వ గూడ తినలే." ఆమె కళ్లు తుడుచుకుంది. "నువ్వన్నా చెప్పరాదక్కా అన్నకు, మళ్ల రమ్మని?"

గిన్నె రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాను. ఆయనకి కాలు నొప్పి అన్నాను. "అవునా, పాపం," అని ఆమె నూనె కాచి రాయమంది, రేపు ఇప్పనూనె తెస్తానంది. తెచ్చింది కూడా. ఆ ఊరు వదిలి వచ్చేదాకా ఆమె పక్కింట్లోనే ఉంది. నిజం మాత్రం ఆమెకి నేను చెప్పలేదు.